బూడిదకును రహస్యమా?

1954 మార్చి 1వ తేదీన అమెరికా ప్రభుత్వము మార్షల్ దీవులలోని బికినీయందు హైడ్రోజన్ బాంబును పరీక్షించెను. అంచనా ఆఱు మెగాటన్నులు, ప్రేలినది 15. రాంగెలాప్ దీవిపై తెల్లని బూడిద రాలెను; పిల్లలు దానితో నాడుకొనిరి. జనులను దాటించుటకు రెండుదినములు పట్టెను. 11వ తేదీని అణుశక్తి సంఘమువారు కాలినగాయములు లేవనియు, అందఱును కుశలమనియు ప్రకటించిరి. పిమ్మట వారి చర్మము కమిలి, జుట్టు రాలినది. 14వ తేదీని జపాను చేపలపడవ యొకటి 23 మంది రోగులతో యైజు రేవు చేరకున్నచో లోకమునకు నిజమెన్నడు తెలిసెడిదో!

ఏప్రిల్ 2వ తేదీన నెహ్రూగారు పార్లమెంటులో పరీక్షల నిలుపుదలతోపాటు ఫలితముల సంపూర్ణ ప్రకటనమును గోరిరి. ఈ రెండవదియే మాకు ముఖ్యముగా దోచుచున్నది. బాంబు నిర్మాణము రహస్యమగుగాక. ప్రజల నెత్తిపై రాలినదెట్లు రహస్యమగును? 1957లో క్షేమమని చెప్పి రాంగెలాప్ వారిని మరల నిండ్లకు బంపిరి. 1985లో వారే భయపడి దీవిని విడిచిపోయిరి.