తెగిన వెన్నుపాముకు ముక్కు కణాల వంతెన

చింతకాయలు దులిపే కాలంలో మన గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో చెట్టు మీదినుంచి జారిపడినవాళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. చెయ్యి విరిగితే కట్టు కడతారు, కొన్ని వారాలకు అతుక్కుంటుంది. నడుము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడితే మాత్రం ఏళ్ళు గడిచినా లేవలేరు. ఎముక అతుక్కున్నప్పుడు వెన్నుపాము ఎందుకు అతుక్కోదు?

పెద్దవాళ్ళలో వెన్నుపాము చిటికెన వేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ‘కాలు ఎత్తు’ అని మెదడు పంపే ఆజ్ఞ, ‘ముల్లు గుచ్చుకుంది’ అని కాలు పంపే కబురు, రెండూ దీని గుండానే పోవాలి. వాటిని మోసేవి నాడీకణాల పొడవైన తంతువులు. వీటినే ఆక్సాన్లు అంటారు. దెబ్బకు అవి తెగినప్పుడు పక్కనున్న సహాయక కణాలు గాయం చుట్టూ మచ్చ కడతాయి. ఆ మచ్చ గాయాన్ని పాకనివ్వదు, నిజమే. కాని తిరిగి పెరగబోయే ఆక్సాన్‌కు అదే గోడ! చిత్రావతి వరదకు రోడ్డు తెగితే అటూ ఇటూ ఊళ్ళు బాగానే ఉంటాయి, బస్సు మాత్రం దాటదు. ఇదీ అంతే.

ఆ ఆక్సాన్లకు పెరిగే శక్తే లేదని చాలాకాలం అనుకున్నారు. 1981లో కెనడాలో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకల కాలి నరం ముక్కను వెన్నుపాముకు అతికించి చూశారు. ఆక్సాన్లు అందులోకి చక్కగా పెరిగాయి. లోపం దారిలో ఉందన్నమాట.

మరి దారి వేసే కణాలు ఎక్కడ దొరుకుతాయి? మీ ముక్కులో! వాసన పసిగట్టే నాడీకణాలు జీవితమంతా చనిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. కొత్త ఆక్సాన్లను ఒరలా చుట్టి మెదడు దాకా వెంటబెట్టుకుపోయే కణాలు అక్కడున్నాయి. లండన్‌లో జెఫ్రీ రైస్‌మన్ వీటిని ఏళ్ళ తరబడి పరిశోధించారు. దారెక్ ఫిడికా అనే పోలండ్ దేశస్థుడికి 2010లో కత్తిపోట్లవల్ల వెన్నుపాము తెగింది. 2012లో పావెల్ తబాకోవ్ బృందం ఆయన మెదడు అడుగున వాసనలను అందుకునే భాగం నుంచే ఈ కణాలు తీసి, పెంచి, గాయానికి పైనా కిందా ఎక్కించింది. మధ్యనున్న 8 మిల్లీమీటర్ల ఖాళీలో చీలమండ నరం ముక్కలను వంతెనగా పరిచింది. 2014లో ఫలితం వెల్లడించేనాటికి ఆయన వాకర్ పట్టుకుని అడుగులు వేస్తున్నారు. అయితే రోజూ గంటల తరబడి వ్యాయామం కూడా చేశారు. ఒక్క రోగిని చూసి ఘనత ఏ పాలు దేనిదో తేల్చలేం.

జపాన్‌లో కియో విశ్వవిద్యాలయం 2021 నుంచి మూలకణాలతో తయారుచేసిన నాడీకణాల పూర్వకణాలను నలుగురికి ఎక్కించింది. ఇద్దరిలో మెరుగు కనిపించిందనీ, వారిలో ఒకరు ఊతం లేకుండా నిలబడగలిగారనీ 2025లో ప్రకటించింది.

కణాల మార్పిడి మనకూ కొత్త కాదు. సున్నం వంటివి పడి ఒక కన్ను పాడైనవారికి, రెండో కంటి అంచునుంచి రవ్వంత ముక్క తీసి, కణాలను పెంచి అతికించే చికిత్సను హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2001 నుంచి చేస్తోంది. కంటి పైపొర కణాలు ఉన్నచోట పరుచుకుంటే చాలు. వెన్నుపాములో అలా కాదు, ఆక్సాన్ చాలా దూరం పోయి సరైన కణాన్నే కలవాలి. చిక్కంతా అక్కడే.

అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల్లో వెన్నుపాము గాయానికి మూలకణాల చికిత్సను ఆమోదించలేదు. అనుమతి పొందిన పరిశోధనలో తప్ప వాడరాదంది. ఆ పరిశోధనకు రోగి దగ్గర రుసుము తీసుకోరాదు. ‘లక్షలు కట్టండి, సూదితో నడిపిస్తాం’ అని ఎవరన్నా అంటే పొలం అమ్మకముందే ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాట చెప్పండి.

ఇంకొకటి. చాలామందిలో దెబ్బకు వెన్నుపాము పూర్తిగా తెగదు. మిగిలిన ఆక్సాన్లు మనం కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తినప్పుడు దెబ్బతినవచ్చు. పడ్డవారి మెడ, నడుము కదలనీయకుండా 108 కు ఫోన్ చెయ్యండి. మోయక తప్పకపోతే నలుగురూ కలిసి ఒక్కసారిగా, తలా ఒళ్ళూ ఒకే వరుసలో ఉండేట్టు తలుపు చెక్క మీదికి చేర్చండి.