కారుకూ ఒక పాస్‌పోర్టు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల ఐటీ ఉద్యోగులు ముచ్చటపడి కొనుక్కున్న కారును విదేశీ రహదారులపై స్వయంగా నడపాలనుకుంటే, నౌకను వెతకడానికి ముందే తెలుసుకోవలసినది చాలా దేశాలు కోరే ‘కార్నే’ అనే కస్టమ్స్ పత్రం గురించి. తమ దేశంలోకి వచ్చిన వాహనం అక్కడే ఉండిపోకుండా తిరిగి వెళుతుందని హామీ ఇచ్చి, దిగుమతి సుంకం నుంచి తాత్కాలిక మినహాయింపు కల్పించే ఈ పత్రాన్ని, 1919లో ముంబైలో ఏర్పడిన వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్, కారు విలువనూ వెళ్లే దేశాలనూ బట్టి బ్యాంకు గ్యారంటీ తీసుకుని, ఏడాది గడువుతో జారీ చేస్తుంది.

ఇందులోని ప్రతి పుటలో మూడు భాగాలుంటాయి. ప్రవేశించేటప్పుడు ఒకదానిని, నిష్క్రమించేటప్పుడు మరొకదానిని సరిహద్దు అధికారులు చింపి ఉంచుకుని, యజమాని వద్ద మిగిలే మూడోదానిపై రెండుసార్లూ ముద్ర వేస్తారు. నిష్క్రమణ ముద్ర పడకపోతే, కారు క్షేమంగా ఇల్లు చేరినా ఆ దేశం సుంకం కోరవచ్చు కనుక, ఎంత అలసటలోనైనా ఆ ఒక్క ముద్రను అడిగి వేయించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

తెలంగాణకు సముద్రతీరం లేనందున కారు ముందుగా చెన్నైకో, నవీ ముంబైలోని నవా షేవాకో చేరి, చక్రాలను పట్టీలతో బిగించిన కంటెయినర్‌లోనో, నేరుగా నడిపి ఎక్కించే ‘రో-రో’ నౌకలోనో సముద్రం దాటుతుంది. నేపాల్, భూటాన్‌లకు మాత్రం కార్నే లేకుండానే, సరిహద్దులో తీసుకునే అనుమతులతో రోడ్డు మార్గాన వెళ్లవచ్చు.