చెదలు ముట్టని చెక్క చేతికి పడదా?

వారమంతా బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చుని, శని, ఆదివారాల్లో నందికొండ దిగువనో బాగేపల్లి దారిలోనో ఉన్న తోటకొచ్చి ఉలి, రంపం పట్టుకునేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. పిల్లలకు ఉయ్యాల, వరండాలో బల్ల, పూజకో చిన్న మందిరం... కొన్నేళ్ళు పని హాయిగా సాగిపోతుంది. ఉన్నట్టుండి ఓ సోమవారం ఉదయం కనురెప్పలు ఉబ్బుతాయి, మోచేతి మడతల్లో దద్దుర్లు లేస్తాయి, మెడ చుట్టూ మంట. మొదటి అనుమానం నిన్నటి వంకాయ కూర మీదికి పోతుంది, తరవాత కొత్త సబ్బు మీదికి. నిన్న చిత్రిక పట్టిన చెక్క ఎవరికీ గుర్తు రాదు.

*

టేకుకు చెద పట్టదన్నది ఇంటింటా తెలిసిన మాటే. ఎందుకు పట్టదంటే, దాని చేవలో టెక్టోక్వినోన్, లపాకాల్, డియాక్సీలపాకాల్ వంటి రసాయనాలు ఉంటాయి. పురుగూ బూజూ తన జోలికి రాకుండా చెట్టు దాచుకున్న మందు అది. చిక్కేమిటంటే, ఆ డియాక్సీలపాకాలే మనిషి చర్మానికి గట్టి అలర్జీ తెచ్చేది కూడా. తెల్లచెక్క కన్నా చేవలోనే ఈ సరుకు ఎక్కువ. అంటే మనం ఎక్కువ డబ్బు పెట్టి ఏరి కొనుక్కునే భాగమే మనకు పడనిది. ప్రతి చెక్కకీ ఇదే లెక్క అనలేం కానీ, బాగా మన్నే రంగు చెక్క కనబడితే దాని పొడిని కాస్త అనుమానించడం మేలు.

*

తెలుగులో జిట్టేగి, కన్నడంలో బీటె. మైసూరు పొదుగుడు పనికి పేరు తెచ్చిన రోజ్‌వుడ్ ఇదే. దీని జాతి చెక్కల్లో డాల్బెర్జియోన్లు అనే పదార్థాలుంటాయి. వీటి అలర్జీకి వడ్రంగమే చేయనక్కరలేదు. రోజ్‌వుడ్ జాతి చెక్కతో చేసిన గాజు తొడుక్కుని మణికట్టు చుట్టూ, కత్తి పిడి పట్టి అరచేతిలో, వయొలిన్‌కు గడ్డం ఆనించే పలక వల్ల దవడ కింద దద్దుర్లు తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ చెక్కతో చేసిన రికార్డర్ అనే పిల్లనగ్రోవి ఊది పెదవులు వాచినవాళ్ళ కథలు వైద్య పత్రికలకెక్కాయి. చెమట తగిలితే ఆ పదార్థం చెక్కలోంచి చర్మంలోకి మరింత సులువుగా దిగుతుంది.

*

చింతామణి వైపు ఏ కోతమిల్లులోనైనా ఈ సంగతి ఎత్తి చూడండి. "ముప్పై ఏండ్లుగా టేకు కోస్తాండాను సామీ, నాకేమీ కాలేదే. మీరు పట్నమోళ్ళు, ఒళ్ళు మెత్తన" అంటాడు పెద్దాయన. ఆయన మాటలో అబద్ధం లేదు, కానీ లెక్కలో ఒక లోపం ఉంది. టేకు పడనివాళ్ళు ఆ ముప్పై ఏళ్ళలో ఎప్పుడో పని మానేసి వేరే దారి చూసుకుని ఉంటారు. ఇవాళ మిల్లులో కనిపించేది పడినవాళ్ళే. పనివాళ్ళ జబ్బుల మీద పరిశోధన చేసే వైద్యులు ఈ మోసపు లెక్కకు ఒక పేరే పెట్టారు: ఆరోగ్యవంతుడైన కార్మికుడి ప్రభావం.

పైగా ఈ అలర్జీ ఒంటి మెత్తదనాన్ని బట్టి రాదు. చెక్కలోని సన్నని అణువు చర్మంలోకి దిగి అక్కడి ప్రోటీన్‌ను అంటుకుంటుంది. చర్మంలో కాపలా కాసే కణాలు దాన్ని పరాయి సరుకుగా గుర్తించి టి-కణాలకు చూపిస్తాయి. ఇలా గుర్తు పెట్టుకోవడానికే రెండు వారాల దాకా పడుతుంది. అదీ మొదటి పరిచయంలోనే జరగాలని లేదు, ఏళ్ళ తరబడి చేసిన తరవాత జరగొచ్చు. ఒకసారి గుర్తు పడిందా, ఇక అంతే. మళ్ళీ ఆ పొడి చిటికెడు తగిలినా ఒకటి నుంచి మూడు రోజుల్లో దద్దుర్లు. ఆదివారం చేసిన పనికి సోమ, మంగళవారాల్లో శిక్ష పడేది ఇందుకే. వెంటనే తుమ్ములు రావడం, కళ్ళు మండడం వేరే సంగతి. అది చాలావరకు దుమ్ము పెట్టే ఒరిపిడి, ఎవరికైనా వస్తుంది, కడుక్కుంటే పోతుంది.

*

ఇప్పుడు అసలు మన పొలాల దగ్గరికి వద్దాం. మామిడి, జీడిమామిడి, నల్లజీడి మూడూ ఒకే కుటుంబం. అమెరికాలో అడవికి వెళ్ళినవాళ్ళను ఏడిపించే పాయిజన్ ఐవీ, జపానువాళ్ళు లక్క పూతకు వాడే ఉరుషి చెట్టు కూడా ఈ బంధువర్గమే. అందరి సొనలోనూ దాదాపు ఒకే తీరు జిడ్డు రసాయనాలు. అందుకే చిన్నప్పుడు పాయిజన్ ఐవీతో పొక్కులు తెచ్చుకున్న అమెరికావాడు ఇండియాకొచ్చి మామిడిపండును తొక్కతో కొరికితే మూతి వాస్తుంది. పండు రసానిది పాపమేమీ లేదు, దోషమంతా తొక్కది, సొనది.

చింతామణి పక్కనే మామిడికి పేరుపడ్డ శ్రీనివాసపురం. చింతామణిలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం 'చింతామణి-1' అని తన పేరే పెట్టి జీడిమామిడి రకాన్ని విడుదల చేసింది. అంటే ఈ వైపు కాపు తగ్గిన మామిడి మానో, కొట్టేసిన జీడిమాను మొద్దో చవకగా చేతికొస్తుంది. మామిడి చెక్క మీద గోధుమ, ఆకుపచ్చ, నలుపు చారలు అందంగా పడతాయి, గిన్నెలు తరిమెన పట్టేవాళ్ళకు ప్రాణం. ఎండిన చెక్క చాలామందిని ఏమీ చేయదు. కానీ సొన తగిలితే మూతి పొక్కే మనిషి పచ్చి మామిడి మొద్దును, అందులోనూ బెరడుతో ఉన్నదాన్ని, వట్టి చేతులతో చెక్కడం తెలివైన పని కాదు. జీడిమామిడి గింజ పెంకులోని నూనె ఇంకా ఘాటు. జీడి వలిచే చోట్ల పనివాళ్ళు చేతులకు నూనె, బూడిద రాసుకునేది దాని దెబ్బ తప్పించుకోవడానికే.

ఇక నల్లజీడి. పసిపిల్లలకూ పాడి గేదెలకూ దిష్టి తగలకుండా కట్టే గింజ ఇదే. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి దీని రసమే వాడేవారు, సున్నం తగిలితే నల్లగా నిలిచిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశానికొచ్చిన అమెరికన్ సైనికులకు మెడ వెనక, నడుము దగ్గర అంతుపట్టని పుళ్ళు లేచాయి. ఆ చోట్లలోనే ఎందుకు? చొక్కా కాలరు లోపల, నిక్కరు పట్టీ మీద చాకలి గుర్తులుండేవి మరి. 1943లో అమెరికన్ సైనిక వైద్యులు దీన్ని 'ధోబీ గుర్తు చర్మవ్యాధి' అని పత్రికలో రాశారు. ఉతికి ఆరేసిన బట్టలోని నాలుగు చుక్కలకే అంత పని జరిగితే, పచ్చి కొమ్మ నరికినవాడి గతి ఊహించుకోండి.

*

ఈ కుటుంబంతో ఏ చుట్టరికమూ లేకుండా అదే రసాయనపు తీరు పట్టుకొచ్చిన చెట్టొకటి చిక్కబళ్ళాపురం పొలాల గట్ల మీద బారులు తీరి ఉంటుంది: సిల్వర్ ఓక్. ద్రాక్షతోటలకు గాలి అడ్డు, కాఫీ తోటలకు నీడ, ప్యాకింగ్ పెట్టెలకు చెక్క. కోస్తే జల్లెడ అల్లికలా మెరిసే మచ్చలు కనిపిస్తాయి, కొత్తగా వడ్రంగం నేర్చేవాళ్ళు చూసి మురిసిపోతారు. ఇందులో గ్రెవిల్లాల్ అనే పదార్థం ఉంది, పాయిజన్ ఐవీ రసానికి దగ్గరి పోలిక. పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి పెరళ్ళలో దీని జాతిదే అయిన 'రాబిన్ గార్డన్' అనే పూలమొక్క ఒంటికి పడక పీకేయించుకున్నవాళ్ళున్నారు. కాబట్టి మామిడి సొన పడనివాళ్ళు సిల్వర్ ఓక్ దగ్గరా ఒక అడుగు వెనక్కి వేయాలి.

ఆస్ట్రేలియా నుంచే వచ్చిన మరో అతిథి నీలగిరి. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాను నందికొండ మీద దీన్ని నాటించాడంటారు. అక్కడి నుంచి చిక్కబళ్ళాపురం, కోలారు నేలలన్నీ కమ్మేసింది. నీళ్ళు తాగేస్తోందన్న గోల ముదిరి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించింది. ఒంటి మీద దాని అల్లరి మాత్రం మామిడి బంధువులతో, సిల్వర్ ఓక్‌తో పోలిస్తే తక్కువే.

*

బిల్లుడు చెట్టు మన ఎండు అడవుల్లో పెరిగేదే. సిల్కు గుడ్డలా నిగనిగలాడుతుందని ఇంగ్లీషువాళ్ళు దీన్ని సాటిన్‌వుడ్ అని పిలుచుకుని ఓడలకెక్కించుకుపోయారు. 20వ శతాబ్దం మొదటి ఏళ్ళలోనే అక్కడి వడ్రంగులకు చేతులూ ముఖమూ పొక్కిపోతే, కారణం వెతికి చెక్కలోని ఆల్కలాయిడ్ మీద వేలు పెట్టారు. మన చెట్టుకు మొదట సమగ్రంగా కేసు పెట్టింది పరాయి దేశపు డాక్టర్లన్నమాట.

*

చెక్క మీద నెపం వేసే ముందు తోట గట్టు కూడా చూసుకోండి. వయ్యారిభామ, ఇక్కడివాళ్ళ నోట కాంగ్రెస్ గడ్డి, 1950ల మధ్యలో పుణెలో మొదట కంటబడింది. అమెరికా గోధుమలతో పాటు వచ్చిందంటారు. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులోనే వదిలారు. పురుగు తన వంతు తింటూనే ఉంది, గడ్డి తన వంతు పెరుగుతూనే ఉంది. ఈ గడ్డి పొడి గాలిలో తేలి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద పడుతుంది, అంటే అచ్చం చెక్కపొడి పడే చోట్లే! తోటలో షెడ్డు, షెడ్డు చుట్టూ ఈ గడ్డి ఉంటే దొంగ ఎవరో తేల్చడం కష్టం.

చర్మ వైద్యుడు మీ చెవి వెనక్కి, గడ్డం కిందికి తొంగి చూస్తే ఆశ్చర్యపోకండి. ఎండ పడక వచ్చిన దద్దుర్లు ఎండ తగలని ఆ చోట్లను వదిలేస్తాయి. గాలిలో తేలే పొడి వదలదు, సందుల్లోకి దూరుతుంది. ఆ ఒక్క చూపుతో సగం చిక్కు విడిపోతుంది.

*

చేతి చిత్రికకు ఒక గొప్ప గుణముంది. అది చెక్కను పొరలుగా, చుట్టలు చుట్టుకునేలా లేపుతుంది. ఆ చుట్టలు కాళ్ళ దగ్గర పడతాయే గానీ గాలిలో ఎగరవు. కరెంటు సాండర్ అదే చెక్కను పిండి చేసి, గంటల తరబడి గాలిలో నిలబెడుతుంది. పాత వడ్రంగులకు లేని దద్దుర్లు కొత్తవాళ్ళకు రావడానికి సగం కారణం యంత్రమేనని నా అనుమానం. ఉప్పు కాగితం రుద్దక తప్పని చోట ఎన్95 మాస్కు, పొడి పీల్చే యంత్రం ఉండాల్సిందే. పని కాగానే సబ్బుతో చేతులు, మోచేతులు, మెడ కడుక్కుని, ఆ చొక్కా విప్పి విడిగా వేయాలి. గాలి ఊదే గొట్టంతో ఒంటి మీది పొడి దులుపుకోవడం మాత్రం వద్దు.

పొడి సంగతి దద్దుర్లతో ఆగదు. ఇంగ్లండులో కుర్చీల తయారీకి పేరున్న హైవికోం వైపు ముక్కులో అరుదైన క్యాన్సరు ఫర్నిచర్ పనివాళ్ళకే ఎక్కువగా వస్తోందని 1960లలో అక్కడి వైద్యులు పసిగట్టారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని మనిషికి క్యాన్సర్ తెచ్చే వస్తువుల మొదటి జాబితాలో చేర్చింది. అది జీవితాంతం కార్ఖానాలో పీల్చినవాళ్ళ లెక్క, ఆదివారం వడ్రంగి గుండెలు బాదుకోనక్కరలేదు. మాస్కు పెట్టుకుంటే చాలు.

*

పనిచోట పీల్చింది పడక ఊపిరి పట్టేసే కథ కూడా ఉంది, శిడ్లఘట్ట పట్టుదీ అదే. పట్టుకాయ ఉడికించి నూలు తీసే చోట్ల పనివాళ్ళకు ఉబ్బసం వస్తోందని కర్ణాటకలో చేసిన పరిశీలన 1985లో అచ్చయింది. చెక్క సంగతికొస్తే, కెనడాలో వెస్టర్న్ రెడ్ సీడర్ కోసే మిల్లుల్లో ప్లికాటిక్ ఆమ్లం వల్ల వందలో నలుగురైదుగురికి ఉబ్బసం పట్టుకుంటుంది, పని మానేసినా చాలామందిని అది వదలదు. దద్దుర్లయితే చెక్క మార్చి చూడొచ్చు. ఊపిరి పట్టేసినా, రాత్రిళ్ళు దగ్గు తెరలు తెరలుగా వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

*

బెంగళూరు గోదాముల్లో చవకగా దొరికే విదేశీ పైన్ ప్యాలెట్ చెక్కలు తెచ్చుకునేవాళ్ళు దాని మీది ముద్ర చూడండి. 'హెచ్.టి.' అని ఉంటే వేడితో శుద్ధి చేసింది. 'ఎం.బి.' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, ఆ రెండోది ఇంట్లోకి వద్దు. పైన్‌లో సహజంగా ఉండే రాజన కూడా కొందరికి పడదు. చెక్కకి అంటించే ఎపాక్సీ జిగురు, ప్లైవుడ్‌లోని ఫార్మాల్డిహైడ్ కూడా అనుమానితుల వరసలోవే.

*

నిజంగా ఏది పడదో తేల్చే ప్యాచ్ పరీక్షను 1895లో యాడసోన్ అనే జర్మన్ చర్మ వైద్యుడు లోకానికి చూపించాడు. అనుమానితాలను వీపు మీద చిన్న బిళ్ళలుగా అంటించి, రెండు రోజులకు తీసి, నాలుగో రోజుకు మళ్ళీ చూస్తారు. అన్నాళ్ళూ వీపు తడపకూడదు. ఇంట్లో కూర్చుని తెలియని చెక్కపొడిని టేపుతో అంటించుకుని చూడడం ప్రమాదం, లేని అలర్జీని తెచ్చిపెట్టుకోవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చేసిన చెక్కలన్నిటి ముక్కలు సంచిలో వేసుకెళ్ళండి, పేరు మాత్రం మిల్లువాడు చెప్పింది గుడ్డిగా రాయొద్దు. 'ఆఫ్రికన్ టేకు' అని అమ్మేది చాలాసార్లు ఇరోకో. అది టేకు కానే కాదు, దాని చేవలో క్లోరోఫోరిన్ అనే వేరే సరుకుంటుంది. టేకు పడదని తేలిన మనిషికి ఇరోకో పడొచ్చు, ఇరోకో పడనివాడికి టేకు పడొచ్చు. బిల్లు మీద రెండూ టేకే.