వణుకు రోగం: డాక్టరుకూ చెప్పని బాధ

గురజాల: చెయ్యి వణికితే డాక్టరుకు చూపిస్తారు. నడక తడబడితే చూపిస్తారు. పడకటింట్లో వచ్చే ఇబ్బందిని మాత్రం వణుకు రోగులు నోరు విప్పి చెప్పరు. డాక్టరు అడగడు, రోగి చెప్పడు. మన పల్లెల్లో మరీను.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వివరించాడు. దానికి ఆయన పేరే స్థిరపడింది. ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమేపీ నశించడం దీనికి మూలం. కాలూ చెయ్యీ ఆడడానికే కాదు, కోరిక పుట్టడానికీ డోపమైన్ కావాలి. మూత్రాన్నీ, అంగస్తంభననూ అదుపులో ఉంచే నరాలు కూడా దెబ్బతింటాయి. ఆడవారిలో కోరిక తగ్గుతుంది, కలయిక బాధ పెడుతుంది. ఒళ్లు బిగిసి పక్కకు ఒత్తిగిలడమే కష్టం. ముఖ కండరాలు కదలక మొహంలో ఏ భావమూ కనబడదు. దాంతో ‘నా మీద మనసు విరిగింది’ అనుకుంటుంది భార్య.

కొన్ని ఇళ్లలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలు వాడే కొందరికి కోరిక అదుపు తప్పుతుంది. అరవై దాటిన మనిషి రాత్రీ పగలూ భార్యను వేధిస్తాడు. కోడళ్ల ముందు తలెత్తలేక ఆమె కుమిలిపోతుంది. కొందరు జూదానికీ దిగుతారు. ‘ముసలాడికి బుద్ధి వక్రించింది’ అంటారు ఇంటివాళ్లు. అది మాత్ర తెచ్చిపెట్టిన తంటా. డాక్టరు మోతాదు తగ్గిస్తే, మందు మారిస్తే చాలామందికి సర్దుకుంటుంది. సొంతంగా ఒక్కసారిగా ఆపితే మాత్రం ఒళ్లు కొయ్యబారి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక దూలగొండి. తగిలితే గోక్కోని వారెవరు? దాని గింజల నుంచి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి లెవోడోపాను వేరుచేశారు. పార్కిన్సన్ రోగులకు ఇచ్చే ముఖ్యమైన మందు అదే. ఆ గింజల పొడినే ‘మగతనానికి’ అని అమ్ముతుంటారు. డాక్టరుకు చెప్పకుండా మాత్రలతో కలిపి తింటే మోతాదు పెరిగి బి.పి. పడిపోవచ్చు, ఒళ్లు తనంతట తానే మెలికలు తిరగవచ్చు. సిల్డెనాఫిల్ కొందరికి పనిచేస్తుంది. లేచి నిలబడగానే బి.పి. పడిపోయేవారికి అది అపాయం. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడేవారు అసలు ముట్టరాదు.

మాత్ర పనిచేసి ఒళ్లు తేలికపడే వేళను భార్యాభర్తలు ఎంచుకోవచ్చు. అది రాత్రే కానక్కరలేదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నరాల వ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు వాడే మాత్రలన్నీ, నాటుపొడి సహా, సంచిలో వేసుకెళ్లాలి. భార్యనూ వెంట తీసుకెళ్లాలి. ఆమెతో విడిగా మాట్లాడమని డాక్టరును అడగడానికి మొహమాటపడొద్దు.