ఉద్ది, కోపు: గుమ్మఘట్ట సీమ కోలాట, చెక్కభజనలలో లయైక్యం

పలువురు నర్తకులు ఒకే అడుగును ఒకే క్షణాన వేయడాన్ని పాశ్చాత్య రంగస్థలం ఒక ప్రత్యేక కళగా రూపొందించుకొన్నది. 1890 ప్రాంతంలో మాంచెస్టరులో జాన్ టిల్లర్ బాలికల బృందాలకు ఈ శిక్షణ ఇచ్చాడు. 1925లో సెయింట్ లూయిస్‌లో రసెల్ మార్కర్ట్ స్థాపించిన బృందం తరువాత న్యూయార్కులో ‘రాకెట్స్’గా ప్రసిద్ధి పొందింది. వీరిది వరుస. పొడవైన నర్తకిని నడుమ నిలిపి, ఇరువైపులకు ఎత్తు తగ్గిస్తూ పోతారు. దానివలన అందరూ సమానమైన ఎత్తులో ఉన్నట్లు ప్రేక్షకునికి తోస్తుంది. అంటే ఆ ఐక్యం ఎదుట కూర్చున్నవాని కంటి కోసం నిర్మితమైనది.

రాయదుర్గం ప్రాంతంలో, వేదవతి ఒడ్డు గుమ్మఘట్ట సీమతో సహా రాయలసీమ పల్లెలకు పరిచితమైన కోలాట, చెక్కభజనల తత్త్వం వేరు. ఇక్కడ ఐక్యానికి ఆధారం వలయం. కోలాటంలో ఎదురెదురుగా నిలిచే జంట ‘ఉద్ది’. అడుగుల, కోలల తాకిళ్ల నిర్ణీత క్రమం ‘కోపు’. లోపలి వలయం, వెలుపలి వలయం ఎదురుదిశలలో కదులుతుండగా ప్రతివాడూ తన కోలను ఎదుటివాని కోలకు సరైన మాత్రలో అందించాలి. ఒకడు తడబడితే ఆ తప్పు చూపుకు కాదు, ముందుగా చెవికి తెలుస్తుంది. చెక్కభజనలో లోహపు బిళ్లలు అమర్చిన చెక్కల జత, కాలి గజ్జెలు ఈ పనే చేస్తాయి. గురువు పల్లవిని ఎత్తుకొని, సంజ్ఞతో అడుగు మార్పిస్తాడు. పొడవు పొట్టి భేదం ఇక్కడ పట్టింపు కాదు. తండ్రీకొడుకులు ఒకే ఉద్దిగా నిలువగలరు.

ఈ సామూహిక నృత్యాలకు శాస్త్రగ్రంథ సాక్ష్యం ప్రాచీనమైనదే. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనాని 1253–54లో రచించిన ‘నృత్తరత్నావళి’ దేశి నృత్తాలలో దండరాసకాన్ని వర్ణించింది. అదే గ్రంథంలోని ‘కొల్లాట’ను కోలాటానికి పూర్వరూపంగా భావించడం మాత్రం నామసామ్యం కలిగించే పొరపాటు, అది సాహస విన్యాసాలకు సంబంధించినది. విజయనగరాన్ని 1520 ప్రాంతంలో దర్శించిన డొమింగో పేస్ అక్కడి నర్తనశాల పలకలను గురించి వ్రాసిన విషయం మరింత ఆసక్తికరం. ప్రతి నృత్యపు ముగింపు భంగిమను ఆ పలకలపై చెక్కించారట. మరచిన నర్తకి వాటిని చూసి సరిచేసుకొనేది. రాజాస్థానంలో శిల్పం చేసిన ఈ పనిని పల్లెలో ఉద్దికాడు చేస్తాడు.

ఇందులోనే ఈ సంప్రదాయపు బలహీనత కూడా ఉన్నది. జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ పోయిన ఏడు మనుషులు బెంగళూరు, బళ్లారి దారి పడతారు. వరుసలో ఒకరు లోపిస్తే మిగిలినవారు దగ్గరకు జరిగి ఆ ఖాళీని పూడ్చవచ్చు. ఉద్దిలో ఒకడు వలసపోతే ఎదుటివాని కోల గాలిలో ఆగిపోతుంది, ఇద్దరి స్థానమూ ఖాళీ అవుతుంది. సరిసంఖ్య నియమం కళానియమమే కాక జనసంఖ్యా నియమం కూడా కావడం ఇందువల్లనే.

ఊరేగింపులలో, సభావేదికలపై ప్రదర్శన పెరిగినకొద్దీ వలయాన్ని విప్పి ప్రేక్షకాభిముఖంగా వరుస కట్టించడం కానవస్తున్నది. ఛాయాచిత్రానికి ఇది అనుకూలమే. కాని పక్కపక్కన నిలిచినవారికి ఎదుటి కోల ఉండదు. తాకిడి కేవలం అభినయమవుతుంది. పరిశోధకులు పాటల పాఠాలను సేకరించినంత శ్రద్ధగా కోపుల నడకను, ఎవరు ఎవరికి ఉద్దిగా నిలిచేవారో ఆ జంటల క్రమాన్ని నమోదు చేయలేదు. పాటను ఒక్క వృద్ధ గాయకుని నుండి వ్రాసుకోవచ్చు. కోపును వ్రాసుకోవాలంటే కనీసం ఇద్దరు ఊరిలో ఉండాలి.