నీరు, ఎముక, నాడి

నెల్లూరు జిల్లా యనగానే వరిచేలును, పెన్నానది కాలువలును స్ఫురించుట సహజము. కాని పడమట వెలిగొండలవైపు సాగినకొలది ఆ పచ్చదనము పలుచబడును. ఉదయగిరి దుర్గము చుట్టును, ఆత్మకూరు ఎగువ మెట్టలందును నేల రాతినేల, వాన స్వల్పము, వేసవి దీర్ఘము. అచ్చటి పల్లెలు తరతరములుగా బావినీటినే నమ్ముకొని బ్రతికినవి. ఆ నీరు చూపునకు తేట. నాలుకకు దోషమేమియు తోచదు. అయినను పెక్కు బావులలో రాళ్లనుండి కరగివచ్చిన ఫ్లోరైడు మితిమీరి యున్నది. ఆ నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట దంతములు గారపట్టును. పిమ్మట వెన్ను బిగియును. కొందరికి తుదకు కాళ్లు స్వాధీనము తప్పును.

మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధి మొదట శాస్త్రీయముగా వర్ణింపబడినది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో దీనిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. నాటి నెల్లూరు జిల్లా నేటికంటె విశాలము. ఉదయగిరికి ఉత్తరమున నున్న కనిగిరియు, పొదిలియు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు అందులోనివే. ఆ కాలపు పరిశీలనలలోనే ఎముకల వ్యాధితోపాటు నాడీసంబంధమైన లక్షణములు కూడ వైద్యుల దృష్టికి వచ్చినవి.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. ఫ్లోరైడు చేరునది ఎముకలలో. కాళ్లను నడిపించునది నాడి. ఎముకకు పట్టిన జబ్బు నాడిని చెరచుట యెట్లు? దీనికి సమాధానము నాడీమండలపు నిర్మాణమునందే కలదు.

మెదడును, వెన్నుపామును కలిసి కేంద్ర నాడీమండలము. మెదడునుండి 12 జతలు, వెన్నుపామునుండి 31 జతలు నాడులు బయలుదేరి దేహమంతట వ్యాపించును. ఇది పరిధీయ నాడీమండలము. మెదడు సుమారు 1,400 గ్రాముల బరువు కలిగి కపాలములో భద్రముగా నుండును. వెన్నుపాము చిటికెనవ్రేలి లావున, పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల నిడివిని, వెన్నుపూసల నడిమి గొట్టములో వ్రేలాడుచుండును. దానినుండి పుట్టు 31 జతలలో మెడకు 8, రొమ్మునకు 12, నడుమునకు 5, త్రికమునకు 5, తుదిని 1. ప్రతి నాడికిని రెండు మూలములు. వెనుకటి మూలము స్పర్శను, నొప్పిని, వేడిమిని లోనికి తెచ్చును. ముందటి మూలము కండరములకు ఆజ్ఞను కొనిపోవును. రెండును కలిసి, పూసకును పూసకును నడుమనున్న చిన్న రంధ్రముగుండ వెలికివచ్చును.

ఈ నాడులన్నిటికిని మూలద్రవ్యము నాడీకణము. 1873లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీ వెండి లవణముతో నాడీకణములకు రంగు పట్టించు పద్ధతిని కనుగొనెను. ఆ పద్ధతితోనే స్పెయిను దేశీయుడు కహాల్ ప్రతి నాడీకణమును వేరువేరు వ్యక్తియని నిరూపించెను. 1906లో నోబెల్ బహుమానమును ఇరువురును పంచుకొనిరి. నాడీకణమును వేళ్లతో పెరికిన మొక్కతో పోల్చవచ్చును. నడుమ కణదేహము, ఒకవైపు వార్తలను గ్రహించు కొమ్మలు, డెండ్రైట్లు, మరియొకవైపు వార్తను పంపు ఒంటి తీగ, ఆక్సాను. నడుమునొద్ద వెన్నుపాములో పుట్టిన ఆక్సాను ఒకటి కాలివ్రేళ్ల వరకు పోవలెనన్న దాదాపు ఒక మీటరు సాగవలెను. దాని కణదేహమో కంటికైనను కనబడనంత సూక్ష్మము. ఒక కణము మరియొకదానిని అంటుకొని యుండదు. తపాలా బంట్రోతు మజిలీలో తన సంచిని మరియొకనికి అందించినట్లు, నాడీకణసంధివద్ద ఒక కణము రసాయన ద్రవ్యమును విడుచును, రెండవది దానిని గ్రహించును. మానవుని మెదడులో నాడీకణములు సుమారు 8,600 కోట్లు.

వీనికి పరిచర్య చేయు కణములు వేరుగా కలవు. వానిని గ్లియా కణములందురు. వానిలో కొన్ని ఆక్సానుకు మైలిన్ అను కొవ్వుపొరను చుట్టును. ఆ పొర యున్న లావు తంతువులలో వార్త సెకనునకు 100 మీటర్ల వేగమునైన అందుకొనగలదు. పొరలేని సన్నని తంతువులలో సెకనునకు ఒక మీటరు సాగుటయే తరచు. మరియొక భేదము ముఖ్యమైనది. చేతిలోనో కాలిలోనో తెగిన నాడి, అచ్చటి ష్వాన్ కణముల సాహాయ్యమున, దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మరల పెరుగవచ్చును. వెన్నుపాములో చెడిన తంతువునకు ఆ భాగ్యము లేదు.

ఇపుడు ప్రశ్నకు సమాధానము తేలిక. ఫ్లోరైడు ఎముకలోని సున్నపు స్ఫటికములలో చేరి కూర్చుండును. ఎముక దట్టమై, గరుకై, మొలకలెత్తును. పూసలను కట్టియుంచు మెత్తని బంధనములు కూడ గట్టిపడి ఎముకవలె మారును. వెన్నుపామును కాపాడుటకై కట్టబడిన యింటి గోడలే లోనికి జరుగును. రంధ్రములు మూసుకొనిన చోట నాడీమూలములు నలిగి చేతులు తిమ్మిరెక్కును, కండ చిక్కును. గొట్టము ఇరుకైన చోట వెన్నుపామే నలుగును. మెడవద్ద ఇది తరచు సంభవించును. ఆ పైన కాళ్లు బిగిసి, అడుగు తడబడును.

వైద్యుడు మోకాటిచిప్ప క్రింద చిన్న సుత్తితో తట్టుట విద్యార్థులు చూచియుందురు. తట్టగానే కాలు ఎగురుట మెదడు చేయు పని కాదు. నడుమునొద్ద వెన్నుపాములోనే ముగియు చిన్న వలయము. మెదడు పైనుండి దానిని కళ్లెమువలె అదుపులో నుంచును. మెడవద్ద వెన్నుపాము నలిగినపుడు ఆ కళ్లెము తెగును. కావున రోగి తాను కాలు కదల్పలేకున్నను, సుత్తి తగిలినపుడు కాలు మామూలుకంటె బలముగా ఎగురును. నాడి నలిగినది కాలివద్ద కాదనియు, పైననే యనియు వైద్యుడు గ్రహించునది ఇట్లే.

హైదరాబాదు నాడీశస్త్రవైద్యులు డి. రాజారెడ్డి ఈ వ్యాధిలోని నాడీబాధలను చిరకాలము పరిశీలించి, 2009లో న్యూరాలజీ ఇండియా పత్రికలో వానిని సమీక్షించిరి. పూసల వెనుకటి భాగమును తొలగించి వెన్నుపామునకు చోటు కల్పించు శస్త్రచికిత్స కలదు. కాని రాయివంటి ఆ ఎముకను తొలచుట కష్టము. కాలము మించిన పిమ్మట ఫలితము స్వల్పము. గట్టిపడిన బంధనమును మరల మెత్తపరచు మందు లేదు.

కాబట్టి ఈ వ్యాధికి అసలు చికిత్స ఆసుపత్రికి పోకమునుపే జరుగవలెను. దాని తొలి హెచ్చరిక కనబడు చోటు పాఠశాల. శాశ్వతదంతముల పింగాణిపొర పసితనమున, ఇంచుమించు ఎనిమిదేండ్ల లోపున ఏర్పడును. ఆ కాలమున త్రాగిన నీటిలో ఫ్లోరైడు అధికమైనచో దంతములమీద సుద్దవంటి తెల్లని మచ్చలు, అడ్డముగా గోధుమవర్ణపు చారలు ఏర్పడును. అవి తోమిన పోవు మురికి కావు. ప్రతి మచ్చయు ఫ్లోరైడు వలననే యని చెప్పరాదు. కాని ఒక తరగతిలో పలువురు బాలబాలికల దంతములు ఒకే తీరున గారపట్టినచో ఆ పల్లె బావిని పరీక్షింపజేయుట అవశ్యము. వెన్ను బిగియుటకు ఎన్నో యేండ్లు ముందుగానే ఆ సాక్ష్యము ఉపాధ్యాయుని యెదుట కూర్చుండియుండును.

లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. నీటిని కాచుట సూక్ష్మజీవులను చంపును గాని ఫ్లోరైడును తొలగింపదు. నీరు ఆవిరియై పోయినకొలది మిగిలిన నీటిలో అది మరింత చిక్కనగును. త్రాగుటకు శుద్ధజలము తెచ్చుకొని, అన్నమును పప్పును బావినీటితోనే వండినచో రక్షణ సగమే. నదీజలము, వాననీటి నిలువ, వడపోత యంత్రములు ఉపాయములు. 1975లో నాగపూరు నీరీ సంస్థవారు ప్రకటించిన నల్లగొండ పద్ధతి, పటికను సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపునది, మరియొకటి.

పసివాని దంతముమీది చారను చూచి బావిని మార్చిన ఊరిలో, ఆ పసివాని వెన్నుపాము ముదిమి వరకు తన యింటిలో సుఖముగా నుండగలదు. నలిగిన వెన్నుపామును మరల అల్లగల విద్య మానవునికి ఇంకను చేజిక్కలేదు. నీటిని పరీక్షించు విద్య చేతనే యున్నది.