ఓరియంట్ – లంగరు వేసిన మహానౌక

యుద్ధనౌక బలం ఫిరంగుల సంఖ్యలో ఉన్నదా, కదలగల శక్తిలో ఉన్నదా? ‘ఓరియంట్’ అనే ఫ్రెంచి తెరచాప నౌక చరిత్ర ద్వారా ఈ ప్రశ్నను మేమిచ్చట పరిశీలింపదలచాము.

ప్రసిద్ధ నౌకాశిల్పి జాక్ నోయెల్ సానే రూపకల్పన ననుసరించి నిర్మితమైన ఈ నౌక 1791లో తూలోన్ రేవున జలప్రవేశం చేసింది. పొడవు సుమారు 65 మీటర్లు, ఫిరంగులు 118. పదిహేడు కిలోలకు పైబడిన గుండ్లు ప్రయోగించే పెద్ద ఫిరంగులను అట్టడుగు అంతస్తులో అమర్చారు. బరువు క్రిందికి ఉంటేనే కదా ఓడ ఒరిగిపోక నిలకడగా ఉండేది! తొలుత రాజవంశానికి చెందిన పేరు ధరించిన ఈ నౌకకు, విప్లవకాలంలో సామాన్య ప్రజలను సూచించే పేరు, 1795లో ‘ప్రాచ్యం’ అని అర్థమిచ్చే ఈ పేరు కలిగాయి.

1798 మే నెలలో నెపోలియన్ ఈ నౌకపైననే ఈజిప్టు దండయాత్రకు బయలుదేరాడు. ఆయన సైన్యం దిగిన పిదప నౌకాసేనాధిపతి బ్రూయీ అబూకిర్ అఖాతంలో 13 పెద్ద యుద్ధనౌకలను వరుసగా లంగరు వేయించాడు. తీరంవైపు లోతు తక్కువ గనుక శత్రువు అటు రాజాలడని భావించాడు. కాని ఆగస్టు 1న నెల్సన్ నౌకలు కొన్ని ఆ సందులోనే దూరాయి. రెండు ప్రక్కల నుండి గుండ్లు కురిశాయి. రాత్రి సుమారు పది గంటలకు మంటలు మందుగుండు గదిని చేరగా ఓరియంట్ ప్రేలిపోయింది. పదమూడింటిలో రెండే తప్పించుకోగలిగాయి.

ఈజిప్టులోని ఫ్రెంచి సైన్యానికి సముద్రమార్గం మూసుకుపోయింది. 1799 జనవరిలో నెపోలియన్ టిప్పు సుల్తానుకు వ్రాసిన లేఖ సైతం ఆంగ్లేయుల చేతికే చిక్కింది. ఆ మే 4న శ్రీరంగపట్టణంలో సుల్తాను పోరాడుతూ నేలకొరిగాడు.

సానే శిల్పంలో లోపం లేదు. చలనానికై నిర్మించిన నౌకను కోటగోడగా నిలబెట్టడమే చేటు తెచ్చిందని మేము భావిస్తున్నాము.